కొత్తగా విదేశం వచ్చిన గోదావరి జిల్లాల వాళ్లకి: ఇంటి దగ్గర సిబిల్ సంగతి

అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి చదువుకి వచ్చిన పిల్లల్లో చాలామంది ఎడ్యుకేషన్ లోను మీద వచ్చినవాళ్లే. ఆ లోనులో మీ నాన్నగారు కో-అప్లికెంట్ అయి ఉంటారు. ఎవరు ఏ అప్పు ఎలా కడుతున్నారో లెక్క రాసుకునే సంస్థ సిబిల్. కట్టిన వాయిదా కట్టలేదని బ్యాంకు పొరపాటున దానికి పంపితే మీ రిపోర్టుతో పాటు ఆయనదీ పాడవుతుంది. రేపు ఆయన రొయ్యల చెరువుకి అప్పు అడిగితే మేనేజరు ముందు చూసేది అదే. అందుకే ఇక్కడ కాస్త కుదురుకోగానే ఇద్దరి రిపోర్టులూ తీసి చూడండి.

అందరూ సిబిల్ అంటారు గానీ అలాంటి సంస్థలే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ కూడా ఉన్నాయి. ఒక్కోటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒకదాంట్లో ఉన్న తప్పు ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు, నాలుగూ తీయండి. ఓటీపీలు పాత నంబరుకే వస్తాయి కాబట్టి ఇండియా సిమ్ రీచార్జి ఆపకండి.

స్కోరు చూసి కంగారు పడొద్దు, కింద ఉన్న అప్పుల పట్టిక చదవండి. తీర్చేసిన బంగారం లోను ఇంకా బాకీ ఉన్నట్టు చూపించొచ్చు. పూర్తిగా కట్టిన దాని పక్కన 'సెటిల్డ్' (అంటే కొంత మాత్రమే కట్టి ముగించారు) అని పడొచ్చు. మన వైపు అసలు చిక్కు పేర్లతో. ఇంటింటికీ ఒక సత్యనారాయణ, ఒక వెంకటేశ్వరరావు. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, ఒక్కోసారి డోర్ నంబరూ ఒకటే. పైగా ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా, ఇంకో కాగితంలో ఒక్క అక్షరంగా ఉంటుంది. బాబాయి గారబ్బాయి ట్రాక్టరు లోను మీ ఖాతాలో తేలితే ఆశ్చర్యపోకండి. పాన్, పుట్టిన తేదీ చూపిస్తే తేడా తేలిపోతుంది.

ఒకటి మాత్రం వేరు. దాళ్వా ధాన్యం డబ్బులు పడేదాకా ఆగి వాయిదా నిజంగానే ఆలస్యంగా కడితే, అది తప్పు నమోదు కాదు. డిస్ప్యూట్ (ఈ నమోదు తప్పు అనే ఫిర్యాదు) పెట్టినా పోదు. డబ్బిస్తే తుడిపేస్తామనే ఏజెంట్లకి పైసా ఇవ్వకండి.

నిజమైన తప్పయితే, రిపోర్టు ఇచ్చిన సంస్థ సైట్‌లోనే ఆ అప్పు మీద డిస్ప్యూట్ పెట్టాలి. కానీ బ్యాంకు ఒప్పుకోకుండా ఆ సంస్థ తనంతట తాను ఏదీ మార్చదు. కాబట్టి అదే రోజు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి స్టేట్‌మెంటు, బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ సర్టిఫికెట్ జతచేసి మెయిల్ పంపండి. నాన్నగారు బ్రాంచికి వెళితే మేనేజరు గారు "చూస్తాం లెండి" అని కాఫీ ఇచ్చి పంపిస్తారు. ఎంత తెలిసినవాళ్లయినా సరే, అర్జీ రాసిచ్చి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోమనండి. తర్వాత పనికొచ్చేది ఆ స్టాంపే.

ఎందుకంటే 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకి ₹100 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. బ్యాంకు 21 రోజుల్లోపు సవరణ పంపకపోతే ఆ డబ్బు బ్యాంకే ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో, ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. విదేశం నుంచే అయిపోతుంది.

అమెరికా వచ్చినవాళ్లకి ఇక్కడ ఇంకో క్రెడిట్ ఫైలు మొదలవుతుంది, ఇంటి స్కోరు దానికి కలవదు. ఇక్కడి మూడు క్రెడిట్ సంస్థల రిపోర్టులూ వారానికోసారి ఉచితం, డిస్ప్యూట్‌కి మామూలు గడువు ఇక్కడా 30 రోజులే. రూమ్మేట్స్‌లో మీ ఇంటిపేరు వాళ్లుంటే చిరునామా కూడా ఒకటే కాబట్టి ఇంకాస్త జాగ్రత్త.

సరిచేశామని మెయిల్ వచ్చాక రిపోర్టు మళ్లీ తీయండి. మీదాంట్లో మారి నాన్నగారిదాంట్లో అలాగే ఉంటే, ఆయన లాగిన్ నుంచి ఇంకో డిస్ప్యూట్ పెట్టండి.