అయిదేళ్లు నడిచే సైన్స్ ఫిక్షన్ సీరియల్‌కు కథను ఎలా సిద్ధం చేసుకోవాలి

ఏళ్ల తరబడి సాగవలసిన సైన్స్ ఫిక్షన్ సీరియల్‌ను తలపెట్టేవారు చివరి ఎపిసోడ్‌లో ఏం జరగబోతోందో తేల్చుకున్న తరువాతే మొదటి ఎపిసోడ్ రాయడానికి కూర్చోవాలి. 1993లో పైలట్‌గా (సీరియల్‌కు ముందు తీసే నమూనా ఎపిసోడ్‌గా) వచ్చి, 1994 నుంచి 1998 దాకా అమెరికాలో అయిదు సీజన్లపాటు ప్రసారమైన 'బాబిలాన్ 5' ఈ విషయంలో నేర్చుకోదగ్గ గొప్ప ఉదాహరణ. దాని సృష్టికర్త జె. మైఖేల్ స్ట్రజిన్‌స్కీ ఆ కథను ఆది మధ్యాంతాలున్న నవలలాగా ముందే ఊహించుకున్నారు. మొత్తం 110 ఎపిసోడ్లలో 92 ఆయన రాసినవే. మూడు, నాలుగు సీజన్లనయితే పూర్తిగా ఆయనే రాశారు.

ముగింపు తేలాక ఒక్కో సీజన్‌కు ఒక్కో పేజీ కేటాయించి, ఆ సీజన్ ముగిసేసరికి ఇక వెనక్కి మళ్లించలేని మార్పు ఏది జరుగుతుందో రాసుకోండి. అంతకుమించిన వివరాలు ఈ దశలో అక్కరలేదు. అలాగే మీ లోకంలోని యంత్రాలు ఏం చేయలేవో ఇప్పుడే నిర్ణయించుకోండి. 'బాబిలాన్ 5'లో నక్షత్రాల మధ్య దూరాలను త్వరగా దాటించే హైపర్‌స్పేస్ అనే మార్గంలోకి సొంతంగా వెళ్లలేని చిన్న నౌకలు, దానిలోకి ద్వారాలు తెరిచే జంప్‌గేట్ల మీద ఆధారపడతాయి కాబట్టి, గేటు ఎవరి అధీనంలో ఉందన్న ప్రశ్న నుంచే కథ పుట్టే వీలుంటుంది. హద్దుల్లేని సాంకేతికత ఉన్నచోట ఎవరికీ నిజమైన ఆపద రాదు.

ఎక్కువ సమయం వెచ్చించవలసింది పాత్రల మీద. నటీనటులు మధ్యలో వెళ్లిపోతారు. ఇది మినహాయింపు కాదు, దీర్ఘకాలం నడిచే ప్రతి సీరియల్‌కూ ఎదురయ్యేదే. అందుకే స్ట్రజిన్‌స్కీ ప్రతి ముఖ్యపాత్రకూ ఒక తప్పుకునే దారి ముందే పెట్టుకున్నారు. మొదటి సీజన్ తరువాత నాయకపాత్రధారి మైఖేల్ ఓహేర్ తప్పుకున్నప్పుడు, ఆయన పోషించిన కమాండర్ సింక్లెయిర్‌ను మిన్‌బార్ గ్రహానికి రాయబారిగా పంపి, కొత్త నాయకపాత్ర షెరిడన్‌గా బ్రూస్ బాక్స్‌లైట్నర్‌ను తీసుకువచ్చారు. అంతటితో ఆగకుండా, మూడో సీజన్‌లో రెండు భాగాల కథకోసం సింక్లెయిర్‌ను మళ్లీ రప్పించి, మొదటి సీజన్‌లో వదిలిన చిక్కుముళ్లను విప్పారు. వెళ్లిన పాత్ర వెంట దాని ప్రశ్నలు కూడా మాయమైపోతే, అప్పటిదాకా శ్రద్ధగా చూసిన ప్రేక్షకుడిని మోసగించినట్లే అవుతుందని నా అభిప్రాయం. కాబట్టి ప్రతి పాత్ర పేరు కింద రెండు విషయాలు రాసుకోండి: ఆ వ్యక్తి రేపే వెళ్లిపోతే కథలో ఏ కారణం చెప్పాలి, ఆ పాత్ర మోస్తున్న కథాభారాన్ని తరువాత ఎవరు ఎత్తుకోవాలి.

ఇలాంటి ఇబ్బంది ఒక్కోసారి వరంగానూ మారుతుంది. 'ది ఎక్స్-ఫైల్స్' సీరియల్ రెండో సీజన్‌లో, స్కల్లీ పాత్రధారిణి జిలియన్ ఆండర్సన్ గర్భవతి కావడంతో ఆమె కొంతకాలం తెరమీద కనిపించకుండా స్కల్లీ అపహరణ కథను అల్లారు. తరువాతి సీజన్ల ప్రధాన రహస్యానికి అదే ఒక మూలమయింది.

అందరూ స్ట్రజిన్‌స్కీలాగా ఒంటరిగా రాయలేరు, రాయనక్కరలేదు కూడా. 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' మూడో సీజన్‌లో, అంటే 1989లో, రచయితల బృందానికి నాయకత్వం వహించిన మైఖేల్ పిల్లర్ బయటి రచయితల స్క్రిప్టులకు తలుపులు తెరిచారు. అలా వచ్చిన రోనాల్డ్ డి. మూర్ తరువాతి కాలంలో 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' అనే పాత సీరియల్‌ను కొత్తగా మలిచారు. రైటర్స్ రూమ్‌లో, అంటే రచయితలంతా కూర్చుని చర్చించే చోట, కథను ముందు బోర్డు మీద సన్నివేశాలుగా విడగొట్టి, లోపాలను అందరూ కలిసి అక్కడే పట్టుకున్న తరువాతే ఒకరికి అప్పగించండి. ఏ ఎపిసోడ్‌కైనా అది మన పాత్రల్లో ఎవరి కథ అన్న ప్రశ్నకు జవాబు దొరకాలి. ఎవరు రాసినా చివరి ప్రతిని షోరన్నర్ (సీరియల్ మొత్తానికి బాధ్యత వహించే ప్రధాన రచయిత) స్వయంగా సరిదిద్దాలి. లేకపోతే ఒకే పాత్ర వారానికో తీరుగా మాట్లాడుతుంది.

ఇక, మరో సీజన్ వస్తుందో రాదో మీ చేతుల్లో ఉండదు. 'బాబిలాన్ 5' నాలుగో సీజన్‌తోనే ఆగిపోయేలా ఉందని స్ట్రజిన్‌స్కీ ప్రధాన యుద్ధాలను త్వరగా ముగించి, ఆఖరి ఎపిసోడ్‌ను కూడా చిత్రీకరించేశారు. ఆ తరువాత టీఎన్‌టీ చానల్ అయిదో సీజన్‌కు ఒప్పుకోవడంతో దాన్ని దాచిపెట్టి, నాలుగో సీజన్ ముగింపుగా మరొకటి తీశారు. దాచినది 1998 నవంబరులో ప్రసారమయింది. కథ ముందుగానే ఖర్చయిపోవడం వల్ల అయిదో సీజన్ మొదటి సగం పలచబడిందని నాకు అనిపిస్తుంది. అందువల్ల ప్రతి సీజన్ పేజీ అడుగున, కథ అక్కడితోనే ఆగవలసివస్తే ఏ ప్రశ్నకు తప్పనిసరిగా జవాబివ్వాలో, కొనసాగితే దేనిని అట్టిపెట్టుకోవాలో విడివిడిగా రాసుకుని, ఏటా చిత్రీకరణకు ముందు ఆ జాబితాను బృందంతో కలిసి తిరగరాయండి.