చలి ముదరకముందే పెంపుడు ఇగువానా విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

చలికాలంలో ఇగువానా అనే ఈ పెద్ద బల్లి జాతి ప్రాణి మేత మానేసిందంటే పెంచేవారు సాధారణంగా ముందు ఆకులు మారుస్తారు, తర్వాత పండు ముక్కలు పెట్టి ఆశ చూపిస్తారు, అదీ కుదరకపోతే బలవంతంగా నోట్లో పెట్టడానికి చూస్తారు. నిజానికి మొదట చూడవలసింది థర్మామీటరును. పచ్చ ఇగువానా మెక్సికో నుంచి బ్రెజిల్ వరకు వెచ్చని ప్రాంతాల్లో, నీటి ఒడ్డున ఉండే చెట్ల మీద బతికే ప్రాణి కాబట్టి, తన ఒంటికి కావలసిన వేడిని బయటి నుంచి తీసుకోవడమే తప్ప లోపల పుట్టించుకోవడం దానికి చేతకాదు. పైగా అది పూర్తి శాకాహారి. తిన్న ఆకులోని పీచును దాని పెద్దపేగులో కాపురముండే సూక్ష్మజీవులు పులియబెట్టి అరగదీస్తాయి, ఆ పులియబెట్టే పని సక్రమంగా జరగాలంటే శరీరం దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. ఒళ్ళు చల్లబడితే మింగిన ఆకు అరగక కడుపు ఉబ్బుతుంది, ఆకలి చచ్చిపోతుంది. అందువల్ల ఈ ప్రాణి విషయంలో వేడి, మేత అనేవి వేర్వేరు అధ్యాయాలు కావు, చలికాలపు ఏర్పాట్లన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే చేసుకోవాలి.

చలి మొదలవడానికి కనీసం నెల ముందే గూటిని పరీక్షించడం మంచిది. ఇగువానా ఎండ కాచుకునే కొమ్మ మీద, సరిగ్గా దాని వీపు ఆనే ఎత్తులో, 35 నుంచి 38 డిగ్రీలు ఉండాలి. గూటికి రెండవ చివర 26 నుంచి 29 డిగ్రీలు ఉంటే, వేడెక్కిన ప్రాణి తనంతట తాను అక్కడికి వెళ్ళి చల్లబడగలదు. రాత్రి 24 డిగ్రీల దగ్గర ఉంచితే నిశ్చింత, 21 కంటే దిగనివ్వకూడదు. గోడకు అంటించిన ఒకే థర్మామీటరును నమ్ముకుంటే అది గోడ సంగతి చెబుతుందే గానీ కొమ్మ సంగతి చెప్పదు. కొలత పరికరం ఎండ కాచుకునే చోట ఒకటి, చల్లని మూల ఒకటి ఉండాలి, కొమ్మ పైభాగాన్ని కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కూడా ఉంటే మరీ మంచిది. థర్మామీటరు కంటే ముందు ఇగువానా చర్మమే చలిని చెప్పేస్తుంది: తెల్లవారేసరికి దాని మెడ, పక్కలు బూడిద కలిసిన ముదురు రంగులో కనబడి, దీపం కింద గంటసేపు కూర్చున్నాక మళ్ళీ పచ్చబడితే, రాత్రి వేడి చాలలేదని అర్థం చేసుకోవాలి. ముదురు రంగు వేడిని త్వరగా పీల్చుకుంటుంది కనుక అది అలా మారుతుంది.

రాత్రి వేడికి సిరామిక్ హీటరు బల్బు వాడడం ఉత్తమం, ఎందుకంటే అది వెలుగు ఇవ్వకుండా వేడి మాత్రమే ఇస్తుంది. ఇగువానా నడినెత్తిన వెలుగును పసిగట్టే మూడవ కన్నులాంటి అవయవం ఉంటుంది కాబట్టి, రాత్రంతా ఎర్ర బల్బు వెలిగించి ఉంచడం దాని నిద్రకు మంచిది కాదు. వేడినిచ్చే ప్రతి పరికరానికీ, వేడిని అనుకున్న స్థాయిలోనే నిలిపి ఉంచే థర్మోస్టాట్ ఉండాలి, ప్రతి బల్బు చుట్టూ తీగ జాలీ బిగించాలి. కరెంటుతో వేడెక్కే కృత్రిమ రాళ్ళను మాత్రం అసలు కొనవద్దు. పొట్ట కింద కాలుతున్నా ఇగువానా దానిని సకాలంలో గుర్తించక అక్కడే పడుకుని ఉండిపోతుంది, మనకు తెలిసేసరికి పొట్ట చర్మం కమిలిపోయి ఉంటుంది.

ఇక వెలుగు. చలికాలంలో ప్రాణిని బయటి ఎండలోకి తీసుకువెళ్ళే అవకాశం తగ్గుతుంది కాబట్టి, యూవీబీ దీపం మీద భారం మొత్తం పడుతుంది. అతినీలలోహిత కిరణాలలోని ఈ భాగం చర్మానికి తగిలితేనే ఇగువానా శరీరం విటమిన్ డి3ని తయారుచేసుకుంటుంది, అది ఉంటేనే మేతలోని క్యాల్షియం ఒంటికి పడుతుంది. ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. మంచి ట్యూబు కొని, దుమ్ము పడకూడదని గాజు పలక మీద అమర్చి, నెలల తరబడి నిశ్చింతగా ఉన్నాను, మామూలు గాజు యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుందన్న సంగతి తర్వాత గానీ తెలియలేదు. కిటికీ అద్దం లోపల నుంచి పడే ఎండ కూడా వెచ్చదనానికి పనికి వస్తుందే తప్ప ఎముకలకు పనికి రాదు. అలాగే ట్యూబు వెలుగుతున్నంత మాత్రాన పనిచేస్తున్నట్లు కాదు. కంటికి కనిపించే వెలుగు తగ్గకుండానే యూవీబీ క్షీణిస్తుంది కనుక, ట్యూబు రకాన్ని బట్టి 6 నుంచి 12 నెలలకొకసారి మార్చాలి, కొత్తది బిగించిన తేదీని దాని చివర రాసి పెట్టుకోవాలి. చలి మొదట్లో మార్చుకుంటే అవసరమైన నెలలన్నీ గట్టెక్కుతాయి. రోజుకు 12 గంటల వెలుగు సరిపోతుంది.

క్యాల్షియం చాలని ఇగువానా మొదట్లో బలహీనంగా కనిపించదు, అదే ఇందులో మోసం. ఎముక మెత్తబడుతున్నకొద్దీ శరీరం ఆ లోటును పీచు కణజాలంతో పూడ్చుకోవడం వల్ల తొడలు లావెక్కి గట్టిగా తయారవుతాయి, పెంచేవారు దానిని చూసి బాగా బలిసిందని మురిసిపోతారు. కింది దవడను రెండు వేళ్ళ మధ్య సున్నితంగా పట్టుకుని చూడండి. ఆరోగ్యంగా ఉంటే అది గట్టిగా ఉంటుంది, రబ్బరులా లొంగినా, రెండు పక్కలా ఉబ్బినా, కాలి వేళ్ళు ఉన్నట్టుండి వణికినా ఆలస్యం చేయకుండా సరీసృపాల గురించి తెలిసిన పశువైద్యునికి చూపించాలి. అటువంటి వైద్యులు అన్ని చోట్లా ఉండరు గనుక, ఎవరున్నారో చలికి ముందే కనుక్కుని ఉంచుకోవడం మంచిది.

మేత విషయానికి వస్తే, పళ్ళెంలో అత్యధిక భాగం ముదురాకుపచ్చని ఆకులే ఉండాలి. ఆవ ఆకు, టర్నిప్ ఆకు, కొలార్డ్ ఆకు, డాండెలియన్ ఆకు, మల్బరీ ఆకు, మందార ఆకులు, పూలు ఇందుకు బాగా పనికి వస్తాయి. వాటితో పాటు తురిమిన గుమ్మడికాయ కొంత కలపవచ్చు, పండ్లు పదో వంతు దాటకూడదు. మొత్తం మీద మేతలో భాస్వరం ఒక పాలు ఉంటే క్యాల్షియం రెండు పాళ్ళు ఉండేలా చూసుకోవాలి. పాలకూరలోని ఆక్సలేట్లు క్యాల్షియాన్ని పట్టి ఉంచుతాయి కాబట్టి అది ఎప్పుడైనా ఒక రెమ్మ సరే గానీ నిత్యాహారం కాదు, లెట్యూస్‌లో నీరు తప్ప పెద్దగా బలమేమీ లేదు, క్యాబేజీని రోజూ పెడితే థైరాయిడ్ గ్రంథికి ఇబ్బంది. గుడ్డు, మాంసం, పురుగులు, కుక్కల మేత, పిల్లుల మేత పెట్టనే కూడదు. చలిలో బలం కావాలన్న ఉద్దేశంతో కొందరు ఇవి మొదలుపెడతారు, ఒకప్పటి పెంపకం సలహాల్లో కూడా కుక్కల మేత కనిపించేది. జంతు మాంసకృత్తులు ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, యూరిక్ ఆమ్లం కీళ్ళలో పేరుకుంటుంది, ఆ నష్టం బయటపడడానికి సంవత్సరాలు పడుతుంది.

ఏమి పెట్టామన్న దానితో పాటు ఎప్పుడు పెట్టామన్నది చలికాలంలో ముఖ్యమవుతుంది. దీపం వెలిగిన వెంటనే పళ్ళెం పెట్టకుండా, ఇగువానా గంటో రెండు గంటలో ఒళ్ళు కాచుకుని చురుగ్గా తల తిప్పడం మొదలుపెట్టాక మేత ఇవ్వాలి, మధ్యాహ్నానికల్లా తినడం పూర్తయితే ఆ ఆకు అరగడానికి ఇంకా కొన్ని గంటల వేడి మిగులుతుంది. సాయంత్రం మిగిలిన ఆకు తీసివేయాలి. ఇగువానా ఆకును నమలదు, తుంచి మింగుతుంది, అందుచేత ముక్కలు చిన్నవిగా తరగాలి, ఫ్రిజ్‌లోంచి తీసిన ఆకును గది వేడికి వచ్చాకే పెట్టాలి. విటమిన్ డి3 కలిసిన పొడులను తోచినంత చల్లితే క్యాల్షియం మెత్తని కణజాలంలో పేరుకునే ప్రమాదం ఉంది కాబట్టి, మోతాదును వైద్యుడు నిర్ణయించాలి. వారానికొకసారి తూకం వేసి ఒక పుస్తకంలో రాసుకుంటే, కంటికి కనబడని తరుగుదల అంకెలలో కనబడుతుంది.

హీటర్లు గాలిని ఎండబెడతాయి, ఈ సంగతి చాలామందికి తట్టదు. గూటిలో తేమ 65 నుంచి 75 శాతం దాకా ఉండాలి. అది పడిపోతే కుబుసం వేళ్ళ చుట్టూ, తోక చివర ఉంగరంలా బిగుసుకుని రక్తప్రసారాన్ని ఆపేస్తుంది, నీరు చాలక మూత్రపిండాలకు శ్రమ పెరుగుతుంది. రోజూ నీళ్ళు చిలకరించడం, ఆకులను తడిగానే పెట్టడం, 30 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉన్న నీటిలో కాసేపు వదలడం మంచిది. స్నానం తర్వాత పూర్తిగా ఆరే దాకా వెచ్చని చోటనే ఉంచాలి. తుమ్మినప్పుడు అద్దం మీద పడే తెల్లని పొడిని చూసి జలుబు అనుకోవద్దు, ఒంట్లో ఎక్కువైన ఉప్పును ఇగువానా ముక్కులోంచే బయటకు పంపుతుంది. నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు రావడం మాత్రం న్యుమోనియా సూచనలు.

కరెంటు పోయిన రాత్రికి సామాను ముందే సిద్ధం చేసుకోవాలి: ఇగువానా పట్టే మూత ఉన్న పెట్టె, కంబళి, గుడ్డలో చుట్టిన వేడినీళ్ళ సీసాలు. అప్పుడు మేత పెట్టకూడదు. ఒకవేళ ప్రాణి బిగుసుకుపోయినా చచ్చిపోయిందని తొందరపడవద్దు. ఫ్లోరిడాలో ఇగువానాలు చలికి స్తంభించి చెట్ల మీది నుంచి రాలిపడవచ్చని 2020 జనవరి 21న మయామి వాతావరణ కార్యాలయం ప్రకటించింది, అలా పడిన వాటిలో చాలా వరకు ఎండ తగలగానే లేచి పోతుంటాయి. స్తంభించిన ప్రాణిని వేడినీటిలో ముంచకుండా, హీటరు ముందు పెట్టకుండా, గది వేడిని మెల్లగా పెంచుతూ కదలిక వచ్చేదాకా వేచి ఉండాలి. వెంటనే వైద్యునికి కబురు చేయాలి.

పగటి నిడివి మారే ఈ నెలల్లోనే చాలా ఇగువానాలకు జతకట్టే కాలం వస్తుంది. మగది నారింజ రంగుకు తిరిగి, తలాడిస్తూ యజమానినే పోటీదారుగా చూడవచ్చు, దాని పళ్ళు కోసినట్లు గాయం చేస్తాయి కాబట్టి ముఖానికి దగ్గరగా ఎత్తుకోకూడదు. ఆడది మగది లేకపోయినా 20 నుంచి 70 గుడ్లు పెట్టగలదు. పొట్ట నిండిన ఆడది కొన్ని వారాలు మేత తగ్గించి, అయినా చురుగ్గా మూలలు తవ్వుతుంటే అది సహజం, దానికి తడి ఇసుక లోతుగా నింపిన పెట్టె ఇవ్వాలి. తవ్వడం ఆపి డీలాపడి కళ్ళు మూసుకుని పడుకుంటే, గుడ్లు లోపల ఇరుక్కున్నాయని భావించి అదే రోజు వైద్యునికి చూపించాలి.

చలి వల్ల ఇగువానా ఇంట్లోనే, మనుషుల మధ్యనే ఎక్కువ సమయం గడుపుతుంది. ఆరోగ్యంగా కనిపించే ఇగువానా మలంలో కూడా మనుషులకు జబ్బు చేసే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. దాని గిన్నెలు, స్నానపు తొట్టి వంటింటి సింకులో కడగకూడదు, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఐదేళ్ళలోపు పిల్లలను, వృద్ధులను, రోగనిరోధక శక్తి తగ్గినవారిని దాని దగ్గరకు రానివ్వకూడదు.