గూగుల్ డాక్స్‌లో కస్టమర్ ఒప్పందం – మూడవ పాఠం: పని, ధర, గడువు

కిందటి పాఠంలో ఒప్పందం నమూనాను శీర్షికలతో తయారుచేసుకుని, కొత్త కస్టమర్ వచ్చిన ప్రతిసారీ ఫైల్ మెనూలోని ‘మేక్ ఎ కాపీ’ ద్వారా దాని ప్రతిని తీసుకోవడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ ప్రతిలో పని వివరం, ధర, గడువు అనే మూడు భాగాలను నింపుదాం. ఉదాహరణగా, అపార్టుమెంటు పడకగదిలో వార్డ్‌రోబ్ చేసిపెట్టే వడ్రంగి కాంట్రాక్టునే కొనసాగిద్దాం.

భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అర్థం నిశ్చితంగా లేని, నిశ్చితం చేయడానికి వీలు కూడా లేని ఒప్పందం చెల్లదని దాని 29వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ కిందే ఒక ఉదాహరణ ఉంది: ఒకరు మరొకరికి ‘వంద టన్నుల నూనె’ అమ్ముతానని ఒప్పుకున్నారు, అది ఏ నూనె అన్నది ఎక్కడా తెలియదు కనుక ఆ ఒప్పందం చెల్లదు. అమ్మేవారు కొబ్బరినూనె వ్యాపారం మాత్రమే చేసేవారైతే, వారి వ్యాపారాన్ని బట్టి ఏ నూనె అన్నది తెలుస్తుంది కనుక ఒప్పందం నిలుస్తుంది. మన ఒప్పందాల్లో తరచుగా కనిపించే ‘మంచి ప్లైవుడ్’ అన్న మాట ఆ నూనె వంటిదే. దానివల్ల ఒప్పందం మొత్తం చెల్లకుండా పోకపోవచ్చు గానీ, తగాదా మాత్రం అక్కడే మొదలవుతుంది.

కాబట్టి పని వివరాన్ని ఇలా రాయండి (ఇందులోని ఐ.ఎస్. 710 అన్నది నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం): “పెద్ద పడకగదిలో 7 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు, 2 అడుగుల లోతు గల వార్డ్‌రోబ్ ఒకటి. పెట్టెకూ తలుపులకూ ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న 18 మి.మీ. ప్లైవుడ్. బయటి వైపు 1 మి.మీ. లామినేట్, రంగు అనుబంధంలోని ఫోటో ప్రకారం. అద్దం, లోపలి లైట్లు ఈ పనిలో చేరవు.” ఈ చివరి వాక్యాన్ని ఎన్నడూ వదలకండి. చేసే పనిని అందరూ రాస్తారు, చేయని పనిని రాసేవారు తక్కువ.

ధర దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. అదే సెక్షన్‌లో మరో ఉదాహరణ ఉంది: ‘నా తెల్ల గుర్రాన్ని ఐదు వందల రూపాయలకో, వెయ్యి రూపాయలకో అమ్ముతాను’ అన్న ఒప్పందం కూడా చెల్లదు. చదరపు అడుగుకు రూ. 1,500 అని మాత్రమే రాస్తే మన ఒప్పందానికీ ఇంచుమించు ఆ గతే పడుతుంది, ఎందుకంటే ముందు వైపు కొలత తీసుకుంటే 56 చదరపు అడుగులు వస్తాయి, పక్కలూ అరలూ లెక్కిస్తే అంతకు ఎంతో మించుతాయి. తొలి రోజుల్లో నేను రాసిన ఒక ఒప్పందంలో కొలత ఎలా తీసుకోవాలన్న ఈ ఒక్క మాట లేనందువల్ల పని మధ్యలో ఆగింది. కస్టమర్ నిజాయితీపరుడే, నేనూ మోసం తలపెట్టలేదు, ఇద్దరి లెక్కలే వేరు. అప్పటి నుంచి “కొలత ముందు వైపు వెడల్పును ఎత్తుతో గుణించి తీసుకున్నది, మొత్తం రూ. 84,000 (ఎనభై నాలుగు వేల రూపాయలు)” అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తున్నాను. జీఎస్‌టీ ఇందులో కలిసిందో లేదో ఆ పక్కనే చెప్పాలి.

వాయిదాలను తేదీలకు కాక, ఇద్దరికీ కంటికి కనిపించే దశలకు ముడిపెట్టండి: సంతకం రోజున రూ. 33,600, పెట్టె బిగించిన రోజున రూ. 33,600, పని అప్పగించిన రోజున రూ. 16,800.

గడువు విషయంలో ‘నెల రోజుల్లో’ అంటే ఎప్పటి నుంచి అన్న ప్రశ్న వస్తుంది. “అడ్వాన్సు అందిన తేదీ, లామినేట్ రంగును కస్టమర్ రాతపూర్వకంగా ఖాయం చేసిన తేదీ, ఈ రెండింటిలో తర్వాతి దాని నుంచి 30 రోజులు” అని రాయండి. ఆలస్యానికి భయపెట్టేంత పెద్ద మొత్తం రాయడం వల్ల లాభం లేదు. అదే కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది.

ఇక గూగుల్ డాక్స్‌లో చేయాల్సిన పని. నమూనాలో కస్టమర్‌ను బట్టి మారే ప్రతి చోటా «పేరు», «మొత్తం» వంటి గుర్తులు పెట్టుకుని, కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కి ఒక్కొక్కదాన్నీ మార్చండి. తర్వాత కంట్రోల్, ఎఫ్ నొక్కి « గుర్తును వెతకండి, ఒక్కటి కూడా మిగలకూడదు. అదే పద్ధతిలో ‘యజమాని’ అన్న మాటను వెతకండి. ఒక చోట కస్టమర్ అని, మరో చోట యజమాని అని రాస్తే, అద్దెకు ఉంటున్నవారి విషయంలో ఆ రెండో మాట ఇంకొకరిని సూచిస్తుంది.

అభ్యాసం: మీరు ఇటీవల ఇచ్చిన ఒక కొటేషన్‌ను పైవిధంగా ఒప్పందంగా మార్చి, ఈ వృత్తితో సంబంధం లేని ఒకరి చేత చదివించండి. ఏమి చేస్తారు, ఎంత తీసుకుంటారు, ఎప్పటికి ఇస్తారు అని అడిగి, వారు తడబడిన వాక్యాన్ని తిరిగి రాయండి. తర్వాతి పాఠంలో ఈ పత్రాన్ని కస్టమర్‌కు ‘కామెంటర్’ అనుమతితో పంపి, వారు సూచించిన మార్పులను ఒక్కొక్కటిగా ఆమోదించడం చూద్దాం.