కార్టిజోన్ ఇంజెక్షన్ వేయించుకున్నాక మొదటి వారం

మోకాళ్లలో గుజ్జు అరిగిందని పోయినేడాది మా అమ్మకు కుడికాలికి కార్టిజోన్ ఇంజెక్షన్ వేశారు. మధ్యాహ్నానికల్లా నొప్పి మాయం. సాయంత్రం నేను వెళ్లేసరికి కింద బాసింపట్టు వేసుకుని గోరుచిక్కుళ్లు ఒలుస్తోంది. రాత్రి పదింటికి ఆ కాలు ముట్టుకోనివ్వలేదు.

ఆ మొదటి హాయి కార్టిజోన్ అనే స్టెరాయిడ్‌ది కాదు. దాంతో కలిపి ఎక్కించే, ఆ చోటు మాత్రమే మొద్దుబార్చే మత్తుమందుది. అది కొన్ని గంటలే ఉంటుంది. అసలు మందు పట్టడానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. ఈలోగా కొందరికి నొప్పి మునుపటికన్నా పెరిగి, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఐస్ గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టండి. కాపడం, నూనె మర్దనా వద్దు. (రుద్దితే మందు పాకుతుందనే పెద్దవాళ్లను ఆపడమే అసలు కష్టం.) ఇంట్లో నడవొచ్చు. మెట్లు, బరువులు, కింద కూర్చోవడం రెండు రోజులైనా మానాలి. చెంబుస్నానం సరే, చెరువులో, స్విమ్మింగ్ పూల్‌లో దిగొద్దు.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో టెన్షన్. భోజనం తర్వాత 180 దాటని అమ్మకు మర్నాడు 290 చూపించింది. "మిషన్ పాడైంది" అంది. మిషన్ బాగానే ఉంది, స్టెరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది. కొన్ని రోజులు, కొందరికి వారం పైనే అలా ఉంటుంది. పరగడుపున, తిన్నాక రోజూ చూసి రాసుకోండి. ఎంత దాటితే ఫోన్ చేయాలో డాక్టర్ని ముందే అడగండి. మాత్రలు, ఇన్సులిన్ సొంతంగా పెంచొద్దు. భుజం పట్టేసి ఈ ఇంజెక్షన్‌కు వచ్చేవాళ్లలో షుగర్ పేషెంట్లు చాలామందే, వాళ్లకూ ఇదే మాట.

ముఖం ఎర్రబడటం, ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం వాటంతటవే పోతాయి. సూది గుచ్చిన చోట చర్మం తెల్లబడొచ్చు, కాస్త గుంట పడొచ్చు.

చలిజ్వరం వచ్చినా, కీలు ఎర్రగా వేడెక్కి వాచినా, మూడో రోజుకీ నొప్పి పెరుగుతూనే ఉన్నా అది లోపల చీము పట్టడం కావచ్చు. అరుదే, కానీ ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగి చూద్దామనుకోవద్దు.

బాగా తగ్గిందని నెలకే మళ్లీ వేయించుకుంటే మిగిలిన గుజ్జూ దెబ్బతినొచ్చు. మామూలుగా కనీసం మూడు నెలలు ఆగమంటారు. మోకీలు మార్పిడి ఆపరేషన్ ఆలోచన ఉంటే సర్జన్‌కు ఈ సంగతి చెప్పాలి, ఆయనా కొన్ని నెలలు ఆగమనవచ్చు. మందు పేరు, డోసు, తేదీ, ఏ కాలో చీటీ మీద రాయించుకోండి. అమ్మ చీటీ ఆమె షుగర్ పుస్తకంలోనే ఉంది.