టెలిగ్రాఫ్ హిల్: ఎక్కే పని బస్సుకి వదిలేయండి, మీరు దిగండి చాలు

ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వచ్చారంటే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రోగ్రాం ఎప్పుడూ ఒకటే: గోల్డెన్ గేట్ దగ్గర ఫొటోలు, వంకరటింకర లాంబార్డ్ స్ట్రీట్‌లో కారు, సాయంత్రానికి ఇల్లు. ఈసారి ఒక పూట అదే ఊళ్ళోని టెలిగ్రాఫ్ హిల్ అనే కొండకి పెట్టుకోండి. కారు మాత్రం వద్దు. పైన పార్కింగ్ చాలా తక్కువ, పైగా సీట్లో బ్యాగు కనపడితే అద్దం పగలగొట్టి ఎత్తుకుపోవడం ఈ ఊళ్ళో మామూలే.

బార్ట్ రైల్లో పావెల్ స్టేషన్ దాకా వచ్చి, సిటీ రైలు టీ లైన్ ఎక్కి చైనాటౌన్‌లో దిగండి. స్టాక్‌టన్ స్ట్రీట్ వెంట కూరగాయల కొట్లు చూసుకుంటూ ఉత్తరానికి నడిస్తే వాషింగ్టన్ స్క్వేర్ వస్తుంది. అక్కణ్ణుంచి చాలామంది ఉత్సాహంగా ఫిల్బర్ట్ స్ట్రీట్ ఎక్కడం మొదలుపెట్టి సగంలోనే ఆయాసపడతారు. మీకెందుకా కష్టం, పార్కు పక్కనే 39 నంబర్ బస్సెక్కితే కొండ మీది కాయిట్ టవర్ దగ్గర దింపుతుంది.

210 అడుగుల ఈ టవర్‌ని 1933లో తెరిచారు. లిఫ్టుకి టికెట్టుంది, క్యూ పెద్దగా ఉంటే వదిలేయండి, పాత జైలున్న అల్కట్రాజ్ దీవి కిందనుంచే కనిపిస్తుంది. కింది అంతస్తులో గోడల మీది బొమ్మలు మాత్రం వదలొద్దు, వాటికి డబ్బులక్కర్లేదు. 1934లో, పనుల్లేని రోజుల్లో, ప్రభుత్వం జీతమిచ్చి చిత్రకారుల చేత వేయించినవి. లైబ్రరీ బొమ్మలో ఒకాయన మార్క్స్ పుస్తకం కోసం అలమర్లోకి చెయ్యి చాచి ఉంటాడు, వెతకండి. అప్పట్లో ఇలాంటి కమ్యూనిస్టు గుర్తుల మీద పెద్ద గొడవే అయింది. బాత్రూం పని కూడా ఇక్కడే చూసుకోండి, మెట్ల దారిలో ఉండదు.

ఇక తూర్పు వైపు ఫిల్బర్ట్ మెట్లు. అసలు వచ్చిందే వీటికోసం. మాంట్‌గోమెరీ స్ట్రీట్ దాటగానే రెండు పక్కలా తోట కమ్ముకుంటుంది. ఒకప్పుడు అది చెత్తకుప్ప, గ్రేస్ మార్చంట్ అనే ఆవిడ ఏళ్ల తరబడి శుభ్రం చేసి మొక్కలు పెంచింది. ఎడమ చేతి వైపు నేపియర్ లేన్ అని చెక్క పలకల సందు, అందులో పాతకాలపు చెక్క ఇళ్ళు. ఈ ఇళ్ల దాకా కారు రాదు, పాల డబ్బా అయినా సోఫా అయినా మోసుకురావాల్సిందే. గుమ్మాలు దారి మీదికే ఉంటాయి కాబట్టి గట్టిగా కేకలేయకండి, వాళ్ళ మెట్ల మీద కూర్చుని ఫొటోలు దిగకండి. ఎర్ర తల, పచ్చ ఒళ్ళు చిలకల గుంపు గోల వినిపిస్తే ఆగి పైకి చూడండి. మేత మాత్రం పెట్టొద్దు, నగర పార్కుల్లో అది నిషేధం.

ఆ కింద కాంక్రీటు మెట్లు బాగా నిటారుగా ఉంటాయి. పూర్వం రాయి కోసం కొండని ఈ వైపు నిలువునా తవ్వేశారు మరి. మోకాళ్ల నొప్పులున్నవాళ్ళకి ఎక్కడం కన్నా దిగడమే కష్టం, వాళ్ళని తోట దాకా కూడా తీసుకురాకుండా అదే 39లో వెనక్కి పంపించేయండి. చెప్పులు కాదు, బూట్లు. జూలైలో అయినా జాకెట్ ఉండాల్సిందే, మధ్యాహ్నం నుంచి గాలి వణికిస్తుంది.

కింద సాన్సమ్ స్ట్రీట్ దాటితే జీన్స్ కంపెనీ లీవైస్ పేరు మీదున్న లీవైస్ ప్లాజా, అక్కడ కాసేపు కూర్చోవచ్చు. తర్వాత ఎంబార్కడెరో రోడ్డు మీద ఎఫ్ లైన్ పాతకాలపు ట్రామ్ ఎక్కి ఫెర్రీ బిల్డింగ్ దగ్గర దిగితే బార్ట్ స్టేషన్ నడిచేంత దూరమే.