ఉపగ్రహ ప్రయోగం విఫలమైతే బీమా సొమ్ము రావాలంటే

ప్రీమియం ఎంతో అడిగే ముందు, పాలసీ ఏ క్షణాన మొదలవుతుందో చదవండి. ప్రయోగ బీమా సాధారణంగా ప్రయోగం కోసమే ఇంజన్ మండించిన క్షణం నుంచి వర్తిస్తుంది. అంతకు ముందు జరిగేదంతా రవాణా, నిల్వ, ప్యాడ్ (ప్రయోగ వేదిక) మీది పనులకు తీసుకున్న పాలసీ కిందికే వస్తుంది. 2016 సెప్టెంబరు 1న కేప్ కెనావెరాల్‌లో ఇంజన్ల పరీక్షకు ఇంధనం నింపుతుండగా ఫాల్కన్-9 రాకెట్ పేలి, పైనున్న అమోస్-6 ఉపగ్రహం కాలిపోయింది. అప్పటికి ప్రయోగ పాలసీ మొదలే కాలేదు. అందుకే మొదటి పాలసీ ముగిసే మాట, రెండో పాలసీ మొదలయ్యే మాట అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. ఇంజన్ మండాక ప్రయోగం ఆపేస్తే పాత పాలసీ తిరిగి అమల్లోకి వస్తుందని కూడా రాయించండి.

తర్వాత నష్టం లెక్క. రాకెట్ తక్కువ ఎత్తులో వదిలేస్తే ఉపగ్రహం సొంత ఇంధనంతో పైకి వెళ్లాలి, ఆ మేరకు ఆయుష్షు తగ్గుతుంది. 15 ఏళ్లు పనిచేయాల్సింది 9 ఏళ్లకే పరిమితమైతే నష్టం 40 శాతం. పాలసీలో రాసుకున్న హద్దు దాటితేనే దాన్ని పూర్తి నష్టంగా చూస్తారు. ఇంధనం ఎన్ని కిలోలు, ట్రాన్స్‌పాండర్లు (సంకేతాలను అందుకుని తిరిగి పంపే పరికరాలు) ఎన్ని, విద్యుత్తు ఎంత అన్నవి ప్రయోగానికి ముందే పాలసీకి జత చేయకపోతే తర్వాత తెగని వాదన.

రాకెట్ సంస్థ మీద దావా వేయవచ్చని ఆశపడకండి. ఎవరి నష్టం వారే భరిస్తామని ప్రయోగ ఒప్పందంలో ఇరుపక్షాలూ రాసుకుంటాయి. మీ సబ్ కాంట్రాక్టర్ల చేత కూడా సంతకం చేయించండి. బీమా సంస్థ కూడా ఆ షరతుకు ఒప్పుకున్నట్టు పాలసీలో ఉండాలి.

శకలాలు జనం మీద, ఆస్తుల మీద పడితే సంగతి వేరు. అంతరిక్ష నష్టాల బాధ్యతపై దేశాల మధ్య కుదిరిన 1972 ఒప్పందం ప్రకారం నేల మీది నష్టానికి ప్రయోగించిన దేశానిదే బాధ్యత, తప్పు నిరూపించనక్కర్లేదు. అంతరిక్షంలో ఢీకొంటే మాత్రం తప్పు చూపించాలి. ఆ దేశం తన చట్టం ప్రకారం మీ నుంచి రాబట్టుకోవచ్చు. అందుకే బాధ్యతా బీమాలో (ఇతరులకు జరిగే నష్టానికి తీసుకునే పాలసీలో) ప్రభుత్వం, రాకెట్ సంస్థ పేర్లు కూడా చేర్చాలి.

వైఫల్యం జరగగానే టెలిమెట్రీ (రాకెట్, ఉపగ్రహం పంపిన సమాచారం) భద్రపరచి, గడువులోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. తొందరపడి ఉపగ్రహాన్ని కక్ష్య నుంచి దించేయకండి. 1997లో ప్రోటాన్ రాకెట్ పై దశ విఫలమై ఆసియాశాట్-3 ఉపగ్రహం పనికిరాని కక్ష్యలో మిగిలింది. పూర్తి నష్టం కింద అది బీమా సంస్థల పరమైంది. మరుసటి ఏడాది చంద్రుడి చుట్టూ తిప్పి దాన్ని వాడుకోదగ్గ కక్ష్యలోకి తెచ్చారు. అందుకే బీమా సంస్థల లిఖిత అనుమతి లేకుండా ఉపగ్రహాన్ని దించే ఆఖరి కమాండ్ పంపితే మీ క్లెయిమ్‌కే ఎసరు.