జింప్‌లో వంపుగీతల ప్లగిన్ వేసే ముందు, పంచే ముందు

జింప్ అంటే బొమ్మలు గీసే, దిద్దే సాఫ్ట్‌వేర్. ప్లగిన్ అంటే దానికి అదనంగా జోడించే చిన్న ప్రోగ్రామ్. ముందు మీ జింప్ వెర్షన్ చూసుకోండి. సగం గొడవలు ఇక్కడే. 2025 మార్చిలో వచ్చిన 3.0లో పైథాన్ 2తో (పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్‌తో) రాసిన పాత ప్లగిన్లు నడవవు.

ప్లగిన్లు పెట్టే ఫోల్డర్ ఎక్కడుందో ఊహించొద్దు. ఎడిట్‌లో ప్రిఫరెన్సెస్, అందులో ఫోల్డర్స్ కింద ప్లగిన్స్ నొక్కితే దారి కనిపిస్తుంది. 3.0లో ఫైల్‌ని నేరుగా అక్కడ పడేస్తే చాలదు. ఫైల్ పేరుతోనే (చివరి .py తప్ప) సబ్‌ఫోల్డర్ చేసి అందులో పెట్టాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మెనూలోకి రాదు. లినక్స్, మ్యాక్ వాళ్లు ఫైల్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ (ప్రోగ్రామ్‌గా నడిచే అనుమతి) కూడా ఇవ్వాలి. తర్వాత జింప్ మూసి మళ్లీ తెరవండి.

ప్లగిన్ అంటే మీ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామే. ఎవరు రాశారో తెలియనిది వేయొద్దు. అసలు బొమ్మ మీద కాకుండా కాపీ మీద ప్రయత్నించండి.

మెనూలో ఉంది, గీత మాత్రం రావట్లేదా? టెన్షన్ వద్దు. పాత్ (ముందే గీసిపెట్టుకున్న గీత దారి) మీద గీసే ప్లగిన్ అయితే పాత్ ఎంచుకున్నారా, సరైన లేయర్ (బొమ్మలోని పొర) మీద ఉన్నారా చూడండి. తెల్ల కాగితం మీద తెల్ల రంగుతో గీస్తూ నేను అరగంట తల పట్టుకున్నాను! అదీ కాకపోతే ఎర్రర్ కన్సోల్ (జింప్ తప్పుల మెసేజ్‌లు చూపించే చోటు) తెరిచి, అక్కడున్న మెసేజ్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసి అడగండి. "పనిచేయట్లేదు" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు.

పంచేటప్పుడు కోడ్‌ని చాట్‌లో అతికించొద్దు. లైన్ల ముందున్న ఖాళీలు చెదిరితే పైథాన్ ఒప్పుకోదు. సబ్‌ఫోల్డర్‌తో సహా జిప్ చేసి, ఏ వెర్షన్‌కో రాసి పంపండి. రాసినవారి పేరు, లైసెన్స్ లైన్లు తీసేయొద్దు.